చేదు తగలని పది కార్జాలు

మా ఇంట్లో ఏకాదశి నాడు ఉల్లిపాయ కూడా ముట్టరు. కోయిలకుంట్లలో మాది కిరాణా దుకాణం. ఎవరింట్లోనైనా గుడ్డు ఉడికిన వాసన వస్తే మంచినీళ్ళు కూడా తాగకుండా లేచి వచ్చేసే మనుషులు మావాళ్ళు. అలాంటి ఇంట్లో పుట్టిన నేను, ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో, వారానికి రెండుసార్లు తెల్లవారగానే కర్నూలు పాతబస్తీలో ఒక మటన్ కొట్టు ముందు స్టీలు డబ్బా పట్టుకుని నిలబడేదాన్ని. సిగ్గుగా లేదా అంటే, మొదటి వారం ఉండింది. తర్వాత సిగ్గుపడటానికి తీరిక దొరకలేదు.

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయి ఉంటుంది. పొట్ట కోయకుండా, మూడు నాలుగు చిన్న రంధ్రాలు పెట్టి, ఒక దాంట్లోంచి కెమెరా పంపి, టీవీలో చూస్తూ చేసే ఆపరేషన్లు అప్పుడప్పుడే మా వైపు వస్తున్నాయి. నేను సర్జరీ నేర్చుకుంటున్న ఆసుపత్రిలో అవి చేసేది మా పెద్దసారు ఒక్కరే. ఆయన చేస్తుంటే పక్కన నిలబడి కెమెరా పట్టుకోవడం నా పని. ఏడాది పొడుగునా కెమెరానే పట్టుకున్నాను. పెళ్ళిలో వీడియో తీసేవాడికీ నాకూ తేడా లేకపోయింది. వాడికి చివర్లో భోజనమైనా పెడతారు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "సార్, నా చేతికి ఎప్పుడిస్తారు?"

సారుది కడప. కోపమొచ్చినా, సరదా పుట్టినా ఒకే గొంతు. "నీ చేతికి పేషెంటును ఇచ్చేముందు నీ చెయ్యి ఏందో నాకు తెలియాల గదమ్మా," అన్నారు.

ఆయన చెన్నైలో ఒక వారం శిక్షణకు వెళ్ళినప్పుడు అక్కడ మనిషి పొట్టకు బదులు వాడే నమూనా పెట్టెలు చూసి వచ్చారట. అవి కొనే స్తోమత మా ఆసుపత్రికి లేదు. వడ్రంగిని పిలిపించి ప్లైవుడ్‌తో ఒక పెట్టె చేయించారు. పైన రబ్బరు షీటు, షీటుకు మూడు రంధ్రాలు, లోపల చిన్న ట్యూబ్‌లైటు, బంగారు దుకాణాల్లో దొంగల కోసం పెట్టే కెమెరా ఒకటి. దాని వైరు వెనకాల పాత టీవీకి. పెట్టె కోసమే విడిగా రెండు పొడుగాటి పనిముట్లు కొన్నారు. ఒకటి పట్టుకోవడానికి, ఒకటి కత్తిరించడానికి. థియేటర్ వెనక సామాన్ల గదిలో కిటికీ పక్కన పెట్టారు. ఆ పెట్టెకు మొదటి శిష్యురాలిని నేనే.

మొదట ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి శెనక్కాయ విత్తనాలు మార్చడం. వినడానికి పసిపిల్లల ఆటలాగే ఉంటుంది. రంధ్రంలోంచి దూరిన పనిముట్టు తలకిందులుగా పనిచేస్తుంది. చేయి కుడికి జరిపితే లోపల మొన ఎడమకు పోతుంది. పైకెత్తితే కిందికి దిగుతుంది. కళ్ళు టీవీ మీద, చేతులు ఇంకెక్కడో. మొదటి రోజు ఒక్క విత్తనం కూడా గిన్నె చేరలేదు. మధ్యాహ్నానికి గది నిండా విత్తనాలు దొర్లుతున్నాయి. నెల తిరిగేసరికి, విత్తనం బద్దలు కాకుండా మీది ఎర్రపొట్టు ఒలిచే దాకా వచ్చాను.

అప్పుడు సారు అసలు పరీక్ష చెప్పారు. మేక కార్జం, అంటే కాలేయం, తెచ్చి పెట్టెలో పెట్టుకోవాలి. కార్జానికి అడుగున పైత్యరసం నిండిన చిన్న సంచి అంటుకుని ఉంటుంది. రాళ్ళు చేరితే మనుషులకు మేం తీసేసేది ఆ సంచినే. దాన్ని పగలకుండా, కార్జం గీరుకోకుండా ఊడదీయాలి.

"వరసగా పది తియ్యాల. మధ్యలో ఒకటి పగిలితే మళ్ళా ఒకటి నుంచి. నేనొచ్చి చూసేది లేదు. లెక్క నువ్వే చెప్పాల," అన్నారు సారు. "అబద్ధం చెప్తే నన్ను మోసం చేసినట్టు గాదు. నీ కత్తి కింద పడుకునే మనిషిని చేసినట్టు. పది అయినాయని చెప్పిన వారమే నీ పేరు లిస్టులో రాస్తా."

చివరి పరీక్షలకు ఇక ఎనిమిది నెలలే ఉన్నాయి. నేను సర్జరీలో చేరతానన్న రోజు మా నాన్న, "ఆడ డాక్టరంటే కాన్పులు చూసుకోవాల గాని ఈ కోతలెందుకమ్మా?" అన్నాడు. నేనూ ఒక మాట ఎక్కువే అని ఇంట్లోంచి వచ్చాను. ఈ విద్య చేతికి రాకుండా బయటికి పోతే ఎవరూ నన్నేమీ అనరు. అనకుండా చూసే ఆ చూపు ఉంది చూడండి, దాన్ని భరించడం నా వల్ల కాదు. పది తీయాల్సిందే అనుకున్నాను.

మటన్ కొట్టు భాయ్‌కి నా అవసరం అర్థం చేయించడానికే రెండు రోజులు పట్టింది. కార్జం బయటికి తీసిన మరుక్షణం ఆయన బొటనవేలు ఆ సంచిని ఊడబెరికి అవతల పారేస్తుంది. అటు చూడను కూడా చూడడు. నేను "ఆగండి, ఆగండి" అనేలోపే అయిపోయేది.

"అందరూ పిత్తా తీసేయమంటారు. మీరు పిత్తా కోసం కలీజా కొంటాండారు. ఇదేం కూర మేడమ్?" అన్నాడు.

"కూర కాదు భాయ్, చదువు."

"చదువా!" అని నవ్వి, ఆ రోజు నుంచి నా కోసం ఒకటి సంచితో సహా పక్కన పెట్టడం మొదలుపెట్టాడు.

నేను పచ్చి మాంసాన్ని చూసి జంకలేదు. రోజూ మనుషుల కడుపులు చూసేదాన్ని, మేక కార్జానికి జంకుతానా? కానీ డబ్బాను హాస్టల్ గదిలోకి మాత్రం తీసుకుపోలేదు. నేరుగా సామాన్ల గదికే. ఎంత చదివినా కోయిలకుంట్ల ఎక్కడికీ పోలేదు.

మొదటివి ఎన్ని పగిలాయో చెప్పను. సంచి పట్టుకోగానే పిగిలి, టీవీ తెర అంతా ఆకుపచ్చగా మారిపోయేది. ఒకరోజు కోపం పట్టలేక చేతి తొడుగులు పీకి గోడకేసి కొట్టాను. అవి పోయి తుడుస్తున్న ఆయమ్మ బకెట్లో పడ్డాయి.

ఆయమ్మ మా థియేటర్లో ఆయా. యాభై దాటిన మనిషి. ఊరి చివర చర్చి పక్కన ఇల్లు. నేల తుడుస్తుంది, ట్రేలు కడుగుతుంది, కొత్త డాక్టర్లు భయపడితే టీ తెచ్చిస్తుంది. తొడుగుల్ని బకెట్లోంచి తీసి పిండి, నా ముందు పెట్టింది. తిట్టలేదు.

"పని అయిపోయినాక ఈ కార్జం ఏం చేస్తావు డాక్టరమ్మా?" అంది.

"పారేస్తాను."

"అయ్యో పాపం గదా! పగిలింది పారెయ్యి. మంచిది నాకియ్యి. ఇంట్లో పిల్లోళ్ళు తింటారు."

సరేనన్నాను. పనిముట్లు పెట్టెవే, రోగులకు తగిలినవి కావు. తినేవాళ్ళు తింటే నాకేం?

మరో రెండు వారాలకు నా చేయి కాస్త దారిలో పడింది. తెర ఆకుపచ్చగా మారడం ఆగింది. ఎప్పుడైనా సంచికి సూదిమొనంత చిల్లు పడి ఒకటి రెండు చుక్కలు కారేవి. గుడ్డతో అద్ది, కార్జాన్ని కొళాయి కింద శుభ్రంగా కడిగేదాన్ని. మళ్ళీ నిగనిగలాడేది. ఇది పగిలినట్టు కాదులే అనుకున్నాను. కడిగితే పోయిందాన్ని ఏం లెక్కపెడతాం? ఒకటి, రెండు, మూడు, నాలుగు అని సారుకు చెప్పాను. నాలుగోది శనివారం నాడు ఆయమ్మ డబ్బాలో వేసి, "చూడు ఎంత బాగా వచ్చిందో" అని గొప్పగా ఇచ్చాను.

సోమవారం పొద్దున నేను వచ్చేసరికి ఆయమ్మ సామాన్ల గది గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏం పని చేస్తివమ్మా! నిన్న చర్చి అయినాక మా అయ్యగార్ని భోజనానికి పిలిచినా. మూడేండ్ల నుంచి పిలవాలనుకుంటాండా. డాక్టరమ్మ ఇచ్చిన కార్జం గదా అని మిరియాలేసి వేపుడు చేసి పెడితే, నోట్లో పెట్టుకుంటానే మా ఇంటాయన తూ అని ఉమ్మేసినాడు. పిల్లోళ్ళు లేచి పారిపోయినారు. సేదు! వేపాకు నమిలినట్టు సేదు!"

అయ్యగారంటే వాళ్ళ చర్చి పాస్టరు. "మరి అయ్యగారు?" అన్నాను.

"ఆయన మాట్లాడలేదు. తల వంచుకొని, పెట్టిందంతా తిని, చెయ్యి కడుక్కొని, ప్రార్థన చేసి పాయె. అదే నాకు శానా బాధ. ఉమ్మేసినా బాగుండు."

"చుక్క పడింది ఆయమ్మా. కానీ బాగా కడిగాను."

ఆమె నన్ను జాలిగా చూసింది. "కడిగితే పోతాదా! సేదు చుక్క తగిలితే కార్జం మొత్తం పోయినట్టే. మా ఇండ్లల్లో పదేండ్ల ఆడపిల్లను అడుగు, చెప్తాది. కోడిని కోసేటప్పుడు మా అమ్మ అన్నీ వదిలి ఆ సేదు సంచి దగ్గర ఊపిరి బిగబట్టేది. అంత చదివినావు, ఇది తెలీదా నీకు?"

తెలీదు. నిజంగానే తెలీదు. మా అమ్మ వంటింట్లో ఆ మాట ఎప్పుడూ పుట్టలేదు. పైత్యరసంలో ఏమేం ఉంటాయో, రోజుకు ఎంత ఊరుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అది తగిలిన కార్జం ఎందుకూ పనికిరాదన్న సంగతి మాత్రం, కర్నూలు జిల్లాలో మాంసం వండే ప్రతి ఆడమనిషికీ తెలిసి, నాకొక్కదానికే తెలియకుండా పోయింది. ముందు కోపం వచ్చింది, ఆమె మీద. అది రెండు నిమిషాలు నిలిచి, నా మీదికి తిరిగింది. మనిషి కడుపులో కొళాయి ఉండదు. అక్కడ కారిన చుక్క కడిగేశాననుకుంటే అది లోపలే ఉండి మనిషిని పీక్కుతింటుంది. ఆ సంగతి పుస్తకంలో చదివి మార్కులు కూడా తెచ్చుకున్నదాన్ని.

నేరుగా సారు గదికి వెళ్ళాను. "సార్, నాలుగు కాదు. సున్నా."

మొత్తం విని, ఆయన పెద్దగా నవ్వారు. నవ్వడం ఆపాక, "అయితే ఇంక నీ మాట చెల్లదు. ఆయమ్మ నాలుక చెప్పిందే లెక్క," అన్నారు.

అలా మా థియేటర్ ఆయా నాకు పరీక్షాధికారి అయింది. ఆ ఉద్యోగం ఆమెకు బాగా నచ్చింది. నేను పెట్టె ముందు నిలబడితే, ఆమె చీపురు గోడకానించి, వెనకాల స్టూలు మీద కూర్చుని టీవీ చూసేది. కత్తెర పట్టుకున్న నా కుడిచేతిని అసలు పట్టించుకోలేదు.

"నీ ఎడమ చెయ్యి శానా కోపంగా ఉండాది," అంది ఒకరోజు.

"కోపమా?"

"ఆ సంచిని అట్ల పట్టి లాగుతాండావు. వాడెవడో నీ కొంగు పట్టుకున్నట్టు. ఈడ చూడు, నువ్వు లాగిన చోట తెల్లబడతాండాది. తెల్లబడిందంటే పిగులుతాదని. ఇడువు."

చూశాను. నిజమే. పచ్చటి సంచి మీద, నా పనిముట్టు పట్టుకున్న పక్కన, గోరంత మేర పాలిపోయి ఉంది. వదిలాను. రంగు తిరిగి వచ్చింది. ఏడాదిపాటు సారు ఆపరేషన్లకు కెమెరా పట్టుకుని కూడా నేను ఎప్పుడూ కత్తెర మొననే చూశాను. అంత పెద్ద తెర మీద ఆ చిన్న మచ్చ నాకు కనబడనే లేదు.

అయినా చిన్నప్పటి నుంచి ఎడమచేతికి మనం నేర్పిందేముంది? ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు, వడ్డించకూడదు, ముందుకు చాచనే కూడదు. ఏదైనా చేతికిస్తే ఇక గట్టిగా పట్టుకోవడం ఒక్కటే దానికి తెలిసిన పని. నేను దానికి కొత్తగా చదువు చెప్పుకోవలసి వచ్చింది. పెట్టె ముందు లేనప్పుడు కూడా ఎడమచేత్తో సూదిలోకి దారం ఎక్కించేదాన్ని. ఎడమచేత్తో గుండీలు పెట్టుకునేదాన్ని. హాస్టల్ మెస్‌లో ఒకామెకు మజ్జిగ గ్లాసు ఎడమచేత్తో అందించబోతే ముఖం ముడుచుకుని పుచ్చుకోకుండా వెళ్ళిపోయింది. ఆ రోజు నా పక్కన ఎవరూ కూర్చోలేదు.

పెట్టె ముందు ఆయమ్మ మాట ఒక్కటే. "ఇడువు." మధ్యాహ్నం పూట, కిటికీలోంచి కర్నూలు ఎండ ముఖాన కొడుతుంటే, రెండు గంటల్లో ఆ మాట నలభై సార్లు వినేదాన్ని. మరునాడు పొద్దున ఫలితం. డబ్బా నా చేతిలో పెట్టి, "బాగుండాది" అనో, "సేదు" అనో చెప్పి తన పనిలో పడిపోయేది. ఒకసారి ఆరు దాకా వచ్చి పగిలింది. మళ్ళీ ఒకటి. మటన్ కొట్టు భాయ్ కూడా "ఇంకా పాస్ కాలేదా మేడమ్?" అని అడగడం మొదలుపెట్టాడు. ఆయమ్మ ఇంట్లో కార్జం పేరెత్తితే పిల్లలు పక్కింటికి పరిగెత్తుతున్నారట.

ఎండలు తగ్గే వేళకు తొమ్మిదికి చేరాను. వరసగా తొమ్మిది.

సారు ఆ వారమే నా పేరు గురువారం లిస్టులో రాసేశారు. పదోది మంగళవారం తీయాలి, బుధవారం ఆయమ్మ చెప్పాలి, గురువారం ఆపరేషన్. పేషెంటు నందికొట్కూరు దగ్గర పల్లె నుంచి వచ్చిన ఆడమనిషి, పత్తి చేలల్లో కూలికి పోతుంది. రాళ్ళ నొప్పితో ఏడాదిగా వంగిపోయి నడుస్తోంది. పొట్ట మీద పెద్ద కోత ఉండదు, తొందరగా పనికి పోవచ్చు అని చెప్పి నేనే ఒప్పించాను. "నువ్వే చేస్తావా అమ్మా?" అని అడిగింది. "నేనే," అన్నాను. అలా అనడం ఎంత బాగుందో చెప్పలేను.

మంగళవారం పదోది తీశాను. నా మట్టుకు నాకు బాగా వచ్చిందనే అనిపించింది. చివర్లో ఒకచోట ఏదో తళుక్కుమంది. నీళ్ళ తడిలే అనుకున్నాను.

బుధవారం పొద్దున ఆయమ్మ దుప్పటి కప్పుకుని వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. డబ్బా బల్ల మీద పెట్టి గోడకు ఆనుకుని కూలబడింది.

"రెండు దినాల నుంచి జొరం డాక్టరమ్మా. వండుకొచ్చినా గాని నేను చెప్పలేను. మంచినీళ్ళు గూడా సేదుగా ఉండాయి నాకు."

నేను ఆమె చేయి పట్టుకుని చూశాను. కాలిపోతోంది. మాత్ర ఇచ్చి పడుకోబెట్టాను. డబ్బా అలాగే ఉంది. మూత తీశాను. మిరియాలు, కొత్తిమీర.

"బయట సిస్టర్‌ని పిలుస్తాను. ఆమె తింటుంది," అన్నాను.

ఆయమ్మ కళ్ళు మూసుకునే అంది. "పిలువు. డాక్టరమ్మ పెడితే ఎవరు కాదంటారు? మా అయ్యగారి మాదిరి నోరు మూసుకొని తిని, బాగుంది మేడమ్ అని పోతారు."

అది నిజం. ఆ ఆసుపత్రిలో నాకు చేదును చేదని చెప్పేది ఆమె ఒక్కతే.  తలుపు వేశాను. రెండు వేళ్ళతో చిన్న ముక్క తీశాను. మా అమ్మ పూజగదిలో ఈ పాటికి దీపం పెట్టి ఉంటుంది అనుకున్నాను. ఆ ఆలోచన వచ్చినందుకు నన్ను నేను తిట్టుకుని ముక్క నోట్లో పెట్టుకున్నాను.

మెత్తగా, ఇసుకగా ఉంది. మిరియాల ఘాటు.  వాంతి రాకుండా పళ్ళు బిగించి నమిలి మింగేశాను. అమ్మకు ఈ సంగతి ఇప్పటికీ చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

"ఎట్లుండాది?" అంది ఆయమ్మ.

"తెలీదు. కార్జం రుచే ఇంత అనుకుంటా. వెనకాల ఏదో..."

"నమిలేటప్పుడు వచ్చిందా? మింగినాక వచ్చిందా?"

"మింగాక."

"నీళ్ళు తాగు."

తాగాను. నాలుక మొదట్లో, సన్నగా, కాకరకాయ తిన్న తర్వాత మిగిలినట్టు, అది అక్కడే ఉంది.

"పోయిందా?"

పోయిందని చెప్పొచ్చు. ఆమె ఒంట్లో జ్వరం, ఆమె నాలుకకు ఏమీ తెలియదు. సారు రానే రారు. నందికొట్కూరు ఆమె వార్డులో నా కోసం ఎదురుచూస్తోంది. ఆ తళుకు గుర్తొచ్చింది. అది నీళ్ళ తడి కాదని నాకు మంగళవారమే తెలుసు. తెలియనట్టు ఊరుకున్నాను.

"పోలేదు ఆయమ్మా. చేదే," అన్నాను.

ఆమె జ్వరంతో కాలుతున్న చేయి చాచి నా మోకాలి మీద వేసింది.

సారు గదిలో నిలబడి, "సున్నా సార్" అన్నాను.

"ఎవరు తిన్నారు? ఆయమ్మకు జొరమంట గదా."

"నేనే."

ఆయన పెన్ను కింద పెట్టారు. మా ఇల్లెలాంటిదో ఆయనకు తెలుసు.  నిజం చెప్పాను కదా, పోనీలే చెయ్యి అంటారేమోనని ఆశపడ్డాను. దాచుకోవడం ఎందుకు, బాగా ఆశపడ్డాను. ఆయన పెన్ను మళ్ళీ తీసి, లిస్టులో నా పేరు మీద అడ్డంగా గీత గీశారు. "రేపు కెమెరా పట్టుకో," అన్నారు. ఆయన ఎదుట ఏడవలేదు. మెట్ల కింద ఏడ్చాను.

వార్డుకు వెళ్ళి, "నేను చేయడం లేదమ్మా, పెద్దసారే చేస్తారు," అని చెప్పాను. ఆమె రెండు చేతులూ జోడించి, "అబ్బ, మంచిదాయె తల్లీ" అంది. అంత దుఃఖంలోనూ నవ్వొచ్చింది.

మరునాడు కెమెరా పట్టుకున్నాను. ఆ రోజు కత్తెర వైపు చూడలేదు. సారు ఎడమచేతినే చూశాను. సంచి అంచు కాస్త పాలిపోగానే ఆయన వేళ్ళు సడలేవి. ఎవరూ "ఇడువు" అనకుండానే.

మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి ప్రతి కార్జం నేనూ రుచి చూశాను. జ్వరం తగ్గిన ఆయమ్మ, "ఇద్దరం ఒక్కసారే చెప్పాల. ఒకరిని చూసి ఒకరు చెప్పగూడదు," అని కొత్త నియమం పెట్టింది. ఇద్దరం నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, మూడు లెక్కపెట్టి చెప్పేవాళ్ళం. ఒకసారి నేను చేదు అన్నాను, ఆమె బాగుండాది అంది. "అది మిరియం గింజ. సేదుకూ కారానికీ తేడా తెలీని నోరు నీది," అని కొట్టిపారేసింది. ఆమెదే చెల్లింది. కార్జం నాకు ఎప్పటికీ ఇష్టం కాలేదు. అయినా తినేదాన్ని.

బజార్లోకి సీతాఫలాలు వచ్చే రోజులకు తొమ్మిదయ్యాయి. పదోది శనివారం తీశాను. డబ్బా ఆయమ్మకు ఇస్తుంటే, "ఇది మనం రుచి చూసేది లేదు," అంది. "రేపు మా అయ్యగార్ని భోజనానికి పిలిచినా. నువ్వూ రావాల."

 "మళ్ళీ చేదైతే?"

"అయితే ఇద్దరికీ సిగ్గు. రా."

ఆదివారం చర్చి అయ్యాక ఆ చిన్న ఇంట్లో వరసగా కూర్చున్నాం. నా కోసం కొత్త పళ్ళెం కొని, వేరే కుండలో పెరుగన్నం కలిపి పెట్టింది ఆయమ్మ. నేను ముద్ద కలుపుతున్నానే గాని నోటికి పోవడం లేదు. నా ఎదుట అయ్యగారు. ముసలాయన, సన్నటి మనిషి. పళ్ళెంలోకి వేపుడు పడగానే ఆయన ముఖంలో ఒక ఓర్పు కనబడింది. పాత సంగతి మర్చిపోలేదన్నమాట. ముక్క తీసి నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. మింగారు. ఆయమ్మ గరిటె పట్టుకుని కదలకుండా నిలబడింది. ఆయమ్మ భర్త కూడా తన ముక్క చేతిలోనే పట్టుకుని, ముందు ఆయన సంగతి తేలనీ అన్నట్టు చూస్తున్నాడు.

అయ్యగారు తలెత్తారు. పళ్ళెం ముందుకు జరిపి, "ఇంకొంచెం వెయ్యమ్మా," అన్నారు.

ఆయమ్మ ఆయన వైపు చూడలేదు. నా వైపు చూస్తూనే వడ్డించింది. సగం నేల మీద పడింది.

ఆ గురువారం నా మొదటి పేషెంటు కడప నుంచి వచ్చిన బస్సు కండక్టరు. పనిముట్లు నా చేతుల్లో ఉన్నాయి. కెమెరా పెద్దసారు పట్టుకున్నారు. ఆయమ్మ ఎప్పటిలాగే వెనకాల గోడ దగ్గర ట్రే పట్టుకుని నిలబడింది. అంతా పెట్టెలాగే ఉంది, ఊపిరి తీసినప్పుడల్లా కాలేయం కదలడం తప్ప. సగం దాకా ఊడదీశాక సంచి గట్టిగా అతుక్కున్న చోటు వచ్చింది. ఎడమచేత్తో పైకి పట్టాను. అంచు తెల్లబడింది.

"ఇడువు" అన్న మాట వినబడుతుందని ఆగాను. వెనక నుంచి చప్పుడు లేదు. తెర మీద రంగు తిరిగి రావడం కనిపించింది. నా ఎడమచేయి అప్పటికే వదిలేసి ఉంది.

సంచి బయటికి తీసి ట్రేలో పెట్టాను. ఆయమ్మ దాన్ని కిటికీ వెలుతురులోకి తీసుకుపోయి, ఇటు వంచి, అటు వంచి చూసింది. అలవాటు కొద్దీ నాలుకకు తగిలించుకుంటుందేమోనని ఒక్క క్షణం నిజంగా భయపడ్డాను.

"చుక్క లేదు సార్," అంది పెద్దసారుతో.

"నాకెందుకమ్మా? ఆమెకు చెప్పు," అన్నారు సారు, కెమెరా కదపకుండా.

ఆయమ్మ నా వైపు తిరిగింది. మాస్కు పైన కళ్ళు మాత్రమే కనబడుతున్నాయి, తడిగా.

"పదకొండు," అంది.